మిట్టమధ్యాహ్నం మేత

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక ఎర్రటి గుట్ట. ఆ గుట్టమీద ఒక గొర్రెల మంద ఉండేది. ఆ మందకు కాపరి లేడు, కాపలా కుక్క లేదు. ఒక గొర్రె ముందు నడిచేది. తక్కినవన్నీ దాని వెనకాల నడిచేవి. అంతే వాటి రాజ్యం.

చాలా కాలం గంగి అనే గొర్రె ముందు నడిచింది. దాని పద్ధతి ఎప్పుడూ ఒకటే. తూరుపు తెల్లబడగానే మందను మేతకు తీసుకుపోయేది. ఎండ ముదరకముందే వాగు ఒడ్డున కానుగ చెట్ల కిందికి మళ్ళించేది. గొర్రెలు అక్కడ నీడలో నెమరు వేసుకునేవి. పొద్దు వాలి గాలి చల్లబడ్డాక మళ్ళీ మేతకు కదిలేవి. చీకటి పడే వేళకు గుట్ట నెత్తిన ఉన్న బండల మధ్యకు చేరేవి. ఆ బండలు చుట్టూ గోడలా నిలబడి ఉండేవి. లోపలికి ఒక్కటే సందు. ఆ సందులో పొట్టేళ్ళు అడ్డంగా పడుకునేవి.

గంగి ముసలిదైంది. మోకాళ్ళు సహకరించడం మానేశాయి. ఒకరోజు గుట్ట ఎక్కుతూ సగంలోనే కూలబడింది. అప్పుడు మొహం మీద తెల్ల మచ్చ ఉన్న గొర్రెను పిలిచింది. దాని పేరు బొల్లి.

"ఇక నువ్వు ముందు నడువు తల్లీ," అంది గంగి.

"నాకేం తెలుసవ్వా?" అంది బొల్లి.

"నడుస్తుంటే అదే తెలుస్తుంది. నీకు తొందర లేదు. అది చాలు."

మర్నాటి నుంచి బొల్లి ముందు నడిచింది. వెనకాల అన్ని డెక్కల చప్పుడు వింటుంటే దానికి గర్వంగానూ ఉండేది, గుబులుగానూ ఉండేది.

ఆ ఏడు ఎండాకాలం ముందే వచ్చింది. గుట్టమీద పచ్చగడ్డి ఎండి గరుకు బోద అయింది. వాగు పారడం ఆగి ఇసుకలో ఒక చిన్న నీటిగుంట, చెలమ, మిగిలింది. అయినా మంద మేత మేస్తూనే ఉంది, నీళ్ళు తాగుతూనే ఉంది.

ఒక సాయంత్రం బొల్లికి పొదల చాటున కాస్త లేత గడ్డి కనబడింది. అది తల వంచి మేస్తూ ముందుకు పోయింది. వెనక్కి తిరిగి చూసుకోలేదు. అంతలో మంద చెదిరిన చప్పుడైంది. ఒక్కసారి అరుపు వినబడింది. బొల్లి తిరిగి చూసేసరికి తోడేలు ఒక పడుచు గొర్రెను గొంతు పట్టుకుని లోయలోకి లాక్కుపోతోంది.

అది మళ్ళీ అరవలేదు.

ఆ రాత్రి బండల మధ్య ఏ గొర్రే నెమరు వేయలేదు. చనిపోయిన దాని తల్లి సందు దగ్గరే నిలబడి లోయ వైపు చూస్తూ ఉండిపోయింది. బొల్లి ఆ తల్లి మొహం చూడలేకపోయింది.

తెల్లవారగానే బొల్లి ఒక నిర్ణయం చెప్పింది.

"తోడేలు పొద్దున వస్తుంది, సాయంత్రం వస్తుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం రాదు. ఆ ఎండకు లోయలో పడి నిద్రపోతుంది. అందుకని ఇక మనం మధ్యాహ్నమే మేద్దాం. పొద్దునా సాయంత్రమూ ఈ బండల మధ్యే ఉందాం."

కర్రి అనే పెద్ద పొట్టేలు కొమ్ములు ఊపింది. "భేషైన మాట! దొంగ నిద్రపోయే వేళ చూసుకుని మన పని మనం చేసుకుంటాం," అంది.

గంగి పడుకున్న చోటు నుంచే తల ఎత్తింది.

"తల్లీ, మేత అంటే పొట్టలో పొయ్యి పెట్టుకోవడమే. ఎండు గడ్డి తింటే ఆ పొయ్యి ఇంకా మండుతుంది. అది అరగాలంటే ఒళ్ళు వేడెక్కాలి. బయట ఎండ ఒక పొయ్యి, లోపల మేత ఒక పొయ్యి. పైన ఈ ఉన్ని దుప్పటి. రెండు పొయ్యిల మధ్య మంద ఎన్నాళ్ళు నిలబడుతుంది?"

బొల్లికి ఆ మాట వినబడింది. కానీ నిన్నటి అరుపు అంతకంటే గట్టిగా వినబడుతోంది.

"అవ్వా, ఎండకు ఎవరూ చావరు. తోడేలుకు చస్తారు," అంది.

గంగి తల మళ్ళీ నేలకు ఆనించింది. ముందు నడిచేది తను కాదు కదా.

మొదటి రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చాక మంద గుట్ట దిగింది. నేల నిప్పుల మీది పెనంలా ఉంది. గొర్రెలు నాలుగు పరకలు కొరికి ఆగిపోయాయి. ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుని, గుంపుగా నిలబడి రొప్పడం మొదలుపెట్టాయి. ఎవరికీ మేత మీద మనసు పోలేదు.

"మేయండి! తోడేలు లేదు. భయం లేదు. మేయడానికేం?" అంటూ బొల్లి గుంపు చుట్టూ తిరిగింది. ఒక్కొక్కదాన్నీ తలతో నెట్టింది.

"నోరు పెట్టబుద్ధి కావడం లేదక్కా. గడ్డి చూస్తే వెగటుగా ఉంది," అంది చుక్కి.

చుక్కి పడుచు గొర్రె. ఒంటినిండా గోధుమరంగు చుక్కలు. అప్పుడే ఈనింది. కవల పిల్లలు. పెద్దది గెంతులు వేసేది. చిన్నది తల్లి కాళ్ళ నీడ వదిలేది కాదు.

"అలవాటు లేక అలా ఉంది. నాలుగు రోజులు పోతే అదే కుదురుతుంది," అంది బొల్లి. చెప్పిన మాట తనకే నమ్మకంగా అనిపించలేదు. తన నోట్లోనూ గడ్డి అలాగే ఉండిపోయింది.

ఇంకో రెండు రోజులు గడిచాయి. ఇప్పుడు గొర్రెలు గుట్ట దిగగానే మేతకు పోవడం లేదు. నేరుగా చెలమ దగ్గరికి పరుగెత్తుతున్నాయి. కడుపు నిండా నీళ్ళు తాగుతున్నాయి. తాగాక మేతకు చోటుండడం లేదు. మళ్ళీ దాహం వేస్తోంది, మళ్ళీ నీళ్ళకు పరుగు. చెలమ అడుగంటింది. పొట్టేళ్ళు ముందు తాగి నీళ్ళు కలచివేస్తే, వెనకొచ్చినవాటికి బురద మిగిలింది.

పొద్దున గాలి చల్లగా ఉండే వేళ మంద బండల మధ్యే నిలబడి కింద మంచు పట్టిన గడ్డి వైపు చూసేది. ఆ వేళ అందరికీ ఆకలయ్యేది. చిన్న పిల్లలు సందు దాకా పోయి తల బయటపెట్టి చూసేవి. బొల్లి వాటిని వెనక్కి నెట్టేది.

"ఇప్పుడు కాదు. తోడేలు ఉంటుంది."

గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. ఈనిన గొర్రెల పొదుగులు ముడుచుకుపోయాయి. అయినా బొల్లి తన మాట మార్చలేదు. ఆ సాయంత్రం తర్వాత తోడేలు ఒక్క గొర్రెనూ పట్టలేదు మరి. ఆ ఒక్క సంగతే బొల్లి పట్టుకుని వేలాడింది.

ఆ తర్వాత ఒక రోజు గాలి పూర్తిగా ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. ఆ మధ్యాహ్నం మంద గుట్ట వాలులో ఉండగా చుక్కి ముందుకాళ్ళ మీద పడిపోయింది. లేవబోయింది. లేవలేకపోయింది. నోరు తెరిచి, నాలుక బయట పెట్టి, డొక్కలు ఎగరేస్తూ రొప్పింది.

"చుక్కీ! లే! కానుగ చెట్ల దాకా రా, అక్కడ పడుకుందువు!" అంది బొల్లి.

చుక్కి కళ్ళు తెరిచింది కానీ పలకలేదు.

బొల్లి దాని పక్కన ఎండకు అడ్డంగా నిలబడింది. తన నీడ దాని తలమీద పడేలా చూసుకుంది. అది చూసి ఇంకో గొర్రె వచ్చి నిలబడింది. తర్వాత ఇంకోటి. తర్వాత కర్రి పొట్టేలు. అన్నీ కలిసి చుక్కి చుట్టూ నీడ కట్టాయి. పొద్దు వాలేదాకా కదలలేదు. గాలి చల్లబడ్డాక చుక్కి మెల్లిగా లేచి నిలబడింది.

అప్పుడు చూసుకున్నాయి. చిన్న పిల్ల తల్లి దగ్గర లేదు. పొదుగులో పాలు దొరక్క, తిరిగి తిరిగి, ఒక బండ పక్కన ఒరిగి ఉంది. చుక్కి వెళ్ళి దాన్ని వాసన చూసింది. నాకింది. కాలితో తట్టింది. మళ్ళీ నాకింది.

పిల్ల లేవలేదు.

చుక్కి బొల్లి వైపు చూడలేదు. పెద్ద పిల్లను పక్కన పెట్టుకుని గుట్ట ఎక్కింది.

మర్నాడు బొల్లి మందను ఎక్కడికీ తీసుకుపోలేదు. మధ్యాహ్నం ఒక్కతే చెలమ దగ్గరికి పోయింది. తాగడానికి కాదు. ఎవరి మొహమూ కనబడని చోటు కావాలి దానికి.

చెలమలో ఒక తీతువు పిట్ట నిలబడి ఉంది. పొట్ట ఈకలు నీళ్ళలో ముంచుతోంది, ఎగిరిపోతోంది, కాసేపటికి మళ్ళీ వస్తోంది.

"ఇంత ఎండలో ఎందుకమ్మా అన్నిసార్లు తిరుగుతావు?" అని అడిగింది బొల్లి.

"గులకరాళ్ళ మధ్య నా గుడ్లున్నాయి. ఈ ఎండకు ఉడికిపోతాయి. పొట్ట తడుపుకుని వాటిమీద కూర్చుంటే చల్లబడతాయి. ఇంకో గుడ్డుండేది. మొన్న మీ మంద నీళ్ళకు పరుగెత్తినప్పుడు డెక్కల కింద పడి పోయింది," అంది తీతువు.

"నేను చూడలేదు," అంది బొల్లి.

"చూస్తే తొక్కేవాళ్ళు కాదు. అది నాకూ తెలుసు. కానీ ఒకటడుగుతాను. మీరు పొద్దున పూట మేసేవాళ్ళు కదా, ఈ కొరివి వేళ కిందికి ఎందుకొస్తున్నారు?"

"తోడేలు ఈ వేళ నిద్రపోతుందని."

తీతువు తల పక్కకు వంచి చూసింది. "నిద్రా? నేను రోజూ లోయ మీదుగా ఎగురుతున్నాను. అది బండ నీడలో పడుకుని మీ వైపే చూస్తోంది. నిన్న నక్క వచ్చి, 'వేట మానేశావేం మామా?' అని అడిగింది. తోడేలు ఏమందో తెలుసా? 'వేటాడేది నేనెందుకు? ఎండ నా బదులు వాటిని నములుతోంది. ఇంకొన్నాళ్ళు పోతే అవి పరుగెత్తలేవు. అప్పుడు నడిచి వెళ్ళి తింటాను,' అంది."

ఇన్నాళ్ళూ తోడేలును తప్పించుకుంటున్నాననుకుంది బొల్లి. నిజానికి తోడేలు కోసం మందను తనే మెత్తబరుస్తోంది.

తీతువు వైపు తిరిగి అడిగింది.

"నీకు తోడేలు దూరం నుంచే కనబడుతుందా?"

"గడ్డి కదిలితే చాలు, నాకు తెలుస్తుంది. నేల మీద గుడ్లు పెట్టుకున్నదాన్ని, తెలియకపోతే ఎలా?"

"మేం పొద్దునా సాయంత్రమూ నీ గుడ్ల దగ్గర్లోనే మేస్తాం. వాటి చుట్టూ జాగా వదిలి నడుస్తాం. ఒక్క డెక్క కూడా అటు పడకుండా నేను నిలబడతాను. తోడేలు కనబడితే నువ్వు అరుస్తావా?"

"కనబడితే ఎలాగూ అరుస్తాను. అది నా పుట్టుక. మీరు వింటారా అనేదే సంగతి," అంది తీతువు.

ఆ సాయంత్రం బండల మధ్య బొల్లి అందరి ముందూ నిలబడింది.

"నేను చేసింది తప్పు. తోడేలును చూసి భయపడ్డాను. ఆ భయాన్నే తెలివి అనుకున్నాను. గంగవ్వ చెబితే వినలేదు. మీ నోళ్ళు గడ్డి వద్దంటే వినలేదు. చుక్కి బిడ్డ నా మూలంగా పోయింది. ముందు నడవడానికి ఇంకెవరినైనా చూసుకోండి. కానీ ఎవరు నడిచినా సరే, రేపు తెల్లవారగానే మేతకు పోండి."

తీతువు సంగతి కూడా బొల్లి చెప్పింది. అప్పుడు కర్రి పొట్టేలు లేచింది.

"తీతువును నమ్ముతామా? అది అరిస్తే చావు కబురే అంటారు. దాని అరుపు వింటూ మేత మేయాలా?"

గంగి గొంతు సవరించుకుంది.

"చావును చూసి అరుస్తుంది కాబట్టే, అది అరిచిన చోట చావు ఉంటుంది. అరవకపోతే చావు రాకుండా పోతుందా కర్రీ? చెప్పకుండా వస్తుంది. అంతే తేడా." తర్వాత బొల్లి వైపు తిరిగింది. "ఇంకెవరో ఎందుకు? తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినదానివి నువ్వు. నువ్వే నడువు. ఈసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ నడువు."

తూరుపు తెల్లబడే వేళకు మంద గుట్ట దిగింది. గడ్డి మంచుకు మెత్తబడి ఉంది. గొర్రెలు తల వంచాయంటే మళ్ళీ ఎత్తలేదు. పరపరా కొరుకుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు. బొల్లి మాత్రం తీతువు గుడ్లకూ మందకూ మధ్య నిలబడి, ఒక్కో పరక కొరుకుతూ చుట్టూ చూస్తోంది.

"తీ-తీ-తూ! తీ-తీ-తూ!"

పిట్ట గాల్లోకి లేచి గిరగిరా తిరిగింది. పొదల వెనక గడ్డి కదిలింది.

గొర్రెల కాళ్ళు పరుగుకు లేచాయి. అదే అలవాటు వాటికి. చుక్కి ఇంకా నీరసంగానే ఉంది. మంద పరుగెత్తితే అది వెనకబడుతుంది.

"పరుగెత్తకండి! చుక్కి దగ్గరికి రండి! అందరూ చుక్కి దగ్గరికే!" అని అరిచింది బొల్లి.

ఒక్క క్షణం ఎటూ తేలలేదు. తర్వాత చనిపోయిన పడుచు గొర్రె తల్లి ముందుగా కదిలి చుక్కి పక్కన నిలబడింది. దాని వెంట తక్కినవి వచ్చాయి. పిల్లలు మధ్యలో, ఈనినవి వాటి చుట్టూ, పొట్టేళ్ళు బయట. కర్రి కొమ్ములు వంచి నేలను కాలితో గీరింది. బొల్లికి కొమ్ములు లేవు. అయినా కర్రి పక్కనే నిలబడింది.

తోడేలు పొదల్లోంచి బయటికి వచ్చింది. మందను చూసి ఆగింది.

"ఈ వేళప్పుడు వచ్చారేం? ఎండ బాగుండలేదా?" అంది.

"ఆ వేళ మాకు పడలేదు," అంది బొల్లి.

"ఒక్కదాన్ని ఇటు పంపు. తక్కినవాటిని వదిలేస్తాను."

"కావాలంటే వచ్చి తీసుకో."

తోడేలు ఒక పక్కగా నడిచింది. మంద అటు తిరిగింది. ఇంకో పక్కకు నడిచింది. మంద ఇటు తిరిగింది. చెదిరిన గొర్రె ఒక్కటీ దానికి దొరకలేదు. పిట్ట నెత్తిమీద అరుస్తూనే ఉంది. ఎదురుగా కొమ్ములున్నాయి. ఒక్క పొట్టేలు పొడిచినా పక్కటెముక విరుగుతుంది. ఎముక విరిగిన తోడేలు వేటాడలేదు. ఆ లెక్క దానికి తెలుసు. కాసేపు చూసి, దారిన పోయేదానిలా లోయలోకి దిగిపోయింది.

గొర్రెలు కాసేపటికి మళ్ళీ తలలు వంచి మేశాయి. ఎండ ముదిరే వేళకు కానుగ నీడకు చేరాయి.

తోడేలు ఆ తర్వాత కూడా కొన్నిసార్లు వచ్చింది. ఒకసారి పొట్టేలు పిల్ల ఒకటి గుంపు వదిలి పోయి దాని నోట పడింది కూడా. కానీ పిట్ట అరిస్తే దగ్గరికి చేరడం మందకు అలవాటైంది. గొర్రెల డొక్కలు నిండాయి. చుక్కి పొదుగులోకి మెల్లిగా పాలు తిరిగొచ్చాయి. తీతువు గుడ్లు పిల్లలయ్యాయి. ఆ పిల్లలు గొర్రెల కాళ్ళ మధ్యే పురుగులు ఏరుకుని తిన్నాయి.

చుక్కి మాత్రం బొల్లితో మాట్లాడలేదు. బొల్లి ఎటు నడిస్తే అటు నడిచేది, ఆగితే ఆగేది. అంతే. బొల్లి కూడా పలకరించడానికి పోలేదు. ఆ హక్కు తనకు లేదనుకుంది.

తొలకరి ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం బొల్లి కానుగ చెట్టు కింద పడుకుని నెమరు వేస్తోంది. చుక్కి లేచి వచ్చింది. వెనకాలే దాని పిల్ల. చుక్కి పిల్లను మూతితో నెట్టి బొల్లి డొక్క పక్కన పడుకోబెట్టింది.

"అక్కా, నేను నీళ్ళు తాగొస్తాను. అందాకా వీణ్ణి చూస్తూ ఉండు," అంది.

"పోయిరా," అంది బొల్లి.

చుక్కి చెలమ వైపు నడిచింది. బొల్లి నెమరు ఆపి, పిల్ల మీద నుంచి కళ్ళు తిప్పకుండా కూర్చుంది.

నీతి: కంటికి కనబడే ఆపదకు భయపడి, కనబడని ఆపదలోకి తనవాళ్ళను నడిపించకూడదు.